నివాసయోగ్యమైన ఊరు



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మన పెద్దలు ఊరకే అనలేదు. ఒక కుటుంబము తన కష్టార్జితమునంతయు వెచ్చించి చేయు పనులు ఈ రెండే. కావుననే ప్రసంగము ముగిసిన పిమ్మట మా వద్దకు వచ్చు భక్తులు అడుగు ప్రశ్నలలో ఇంటికి సంబంధించినవి ఎక్కువగా నుండును. సింహద్వారము ఏ దిక్కునకు ఉండవలెను? వీధిపోటు దోషమా? ఈశాన్యమున బావి తీయవచ్చునా? ఇవన్నియు అడుగదగిన ప్రశ్నలే. అయితే వీటికి ముందు అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. దానిని అడుగువారు అరుదు. ఆ ఇల్లు నిలువబోవు ఊరు ఎట్టిది?

ద్వారము తప్పుగా ఉన్నచో మార్చుకొనవచ్చును. గోడ వంకరగా ఉన్నచో పడగొట్టి మరల కట్టవచ్చును. ఊరు మంచిది కానిచో దానిని మార్చుట మన ఒక్కరి వలన అగునది కాదు. ఆ ఊరి నీటినే మన పిల్లలు త్రాగవలెను. ఆ ఊరి మాటలనే వారు నేర్వవలెను. అర్ధరాత్రి ఆపద వచ్చినపుడు ఆ ఊరివారే మన తలుపు తట్టవలెను. కావున నివాసమునకు తగిన తావు ఏది అను విషయమును మన ఇతిహాస పురాణములు, నీతి గ్రంథములు ఎట్లు విచారించినవో ఇచట క్రమముగా చూతము.

శ్రీరాముడు తావును ఎంచిన విధము

శ్రీమద్రామాయణము అరణ్యకాండమున ఒక ఘట్టము కలదు. అగస్త్య మహర్షి సూచించిన మీదట సీతారామలక్ష్మణులు గోదావరీ సమీపమునందలి పంచవటికి చేరిరి. పర్ణశాలకు తగిన చోటు చూడుమని శ్రీరాముడు తమ్మునకు చెప్పెను. చెప్పుచు, ఆ చోటు ఎట్లుండవలెనో కూడ వివరించెను. వైదేహి మనస్సు రమించునది, అన్నదమ్ములకు ఇరువురికి సుఖమైనది, నీరు దగ్గరగా నున్నది, సమిధలు, పూవులు, దర్భలు సులభముగా లభించునది అయి యుండవలెననెను. ఈ వరుసను గమనింపుడు. మొదట సీతమ్మ సంతోషము. పిదప తమ్ముని సుఖము, తన సుఖము. ఆ పిదప నీరు. ఆ మీదట నిత్యానుష్ఠానమునకు కావలసిన ద్రవ్యములు.

ఇందు గృహస్థులకు గొప్ప ఉపదేశము కలదు. ఇల్లు కొను పురుషుడు తన ఉద్యోగమునకు ఎంత దూరము అని లెక్క చూచును. అది అవసరమే. కాని పగలంతయు ఆ ఇంటిలో నుండువారు ఎవరు? ఇల్లాలు, వృద్ధులైన తల్లిదండ్రులు, పసిపిల్లలు. వారికి అచట మాటాడుటకు మనిషి దొరకునా? సాయంకాలము నాలుగడుగులు నడచుటకు చోటున్నదా? గుడికి పోయి రాగలరా? రాముడు మొదట అడిగినది ఈ ప్రశ్ననే.

అంతకు ముందు చిత్రకూటమును విడిచిన కారణము కూడ తెలిసికొనదగినది. భరతుడు సేనతో వచ్చి పోయిన పిమ్మట ఆ తావు ఏనుగుల, గుఱ్ఱముల పెంటచే మలినమైనది. తల్లులను, భరతుని, పురజనులను చూచిన చోటగుటచే ఆ జ్ఞాపకము రాముని మనస్సును వదలలేదు. ఖరాది రాక్షసుల పీడకు అచటి తాపసులును తరలిపోయిరి. శుచి తప్పిన చోట, మనస్సు నిలువని చోట, సజ్జనులు విడిచిన చోట ఉండుట తగదని రాముడు ముందునకు సాగెను. చిత్రకూటము ఎంత రమణీయమైనదైనను కొండల అందము ఒక్కటే చాలలేదు.

గోకులమున ఉపనందుని మాట

శ్రీమద్భాగవతము దశమ స్కంధమున మరియొక ఘట్టము. పూతన వచ్చినది. శకటము విరిగి పడినది. తృణావర్తుడు బాలకృష్ణుని ఎత్తుకొని పోయెను. మద్దిచెట్లు కూలినవి. నందాది గోపవృద్ధులు సమావేశమై ఆలోచించిరి. వారిలో వయసున, జ్ఞానమున పెద్దయైన ఉపనందుడు, పిల్లలకు వరుసగా ఆపదలు వచ్చుచున్న ఈ చోట మనము ఇంక ఉండరాదనెను. బృందావనమున పుణ్యమైన కొండ, పచ్చని గడ్డి, తీగలు కలవనియు, గోవులకు, గోపగోపికలకు అది సేవింపదగినదనియు చెప్పెను. అందరును ఏకమనస్కులై బండ్లు కట్టిరి. వృద్ధులను, పిల్లలను, స్త్రీలను, సామగ్రిని బండ్లపై ఉంచి, గోవులను ముందిడుకొని కదలిరి.

ఇచట రెండు సంగతులు కలవు. ఒకటి, పిల్లల క్షేమము కొరకు పుట్టిన ఊరినైనను విడువవచ్చును. అది దోషము కాదు. రెండు, వారు ఒక్కరొక్కరుగా పోలేదు. పెద్దలు కూర్చుండి ఆలోచించిరి. ఊరు ఊరంతయు కదలినది. వెనుక ఒక్క వృద్ధుడు కూడ మిగిలిపోలేదు. నేడు మన పల్లెలు ఖాళీ అగుచున్న తీరునకు, ఆ గోకులము కదలిన తీరునకు గల భేదము ఇదియే. నేడు యువకులు పోవుదురు. బండి ఎక్కవలసిన వృద్ధులు అరుగు మీదనే మిగిలిపోవుదురు.

నీతికారులు చెప్పిన లక్షణములు

బద్దెన రచించినదిగా ప్రసిద్ధమైన సుమతీ శతకమున ఊరికి కావలసిన లక్షణములు చెప్పబడినవి. అవసరమునకు అప్పు ఇచ్చువాడు, వైద్యుడు, ఎడతెగక పారు ఏరు, ద్విజుడు. ఇవి ఉన్న ఊరనే ఉండవలెననియు, లేని ఊరు చేరరాదనియు ఆ పద్యము యొక్క తాత్పర్యము. చాణక్యుని పేర ప్రసిద్ధమైన నీతి శాస్త్రము ఈ వరుసలోనే ధనికుని, వేదవేత్తను, రాజును, నదిని, వైద్యుని చెప్పి, ఈ ఐదు లేని చోట ఒక్క దినమైనను ఉండవలదనుచున్నది. వీటిని నేటి కాలమునకు అన్వయించి చూతము.

అప్పు ఇచ్చువాడు మొదట ఏల వచ్చెనని కొందరికి ఆశ్చర్యము కలుగును. వాన కురిసిన మరునాడు రైతునకు విత్తనము కావలెను. బిడ్డ పెండ్లి ముహూర్తము వాయిదా వేయుటకు వీలు కాదు. ఆ సమయమున ఇతడు తిరిగి ఇచ్చునని నమ్మి చేయి చాచువాడు ఊరిలో ఉండవలెను. అప్పు అనగా ఇచట నమ్మకము. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిన పిమ్మట ఆ పనిని ఊరి సంఘములు చేపట్టినవి. నేడు మహిళల పొదుపు సంఘములు చేయుచున్నవి. అయితే ఆదుకొను అప్పు వేరు, ఉరియైన అప్పు వేరు. 2010లో సూక్ష్మ ఋణ సంస్థల వసూళ్ళ ఒత్తిడికి పేద కుటుంబములు తల్లడిల్లగా, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. ముఖము తెలిసినవాడు ఇచ్చిన అప్పులో దయకు చోటుండును. కావుననే నీతికారులు అప్పును ఊరితో ముడిపెట్టిరి.

వైద్యుని గూర్చి విస్తరించి చెప్పనక్కరలేదు. 2005లో మన రాష్ట్రమున 108 వాహనములు ప్రారంభమైన పిమ్మట దూరము కొంత తగ్గినది. అయినను వాహనము వచ్చులోపల రోగి చెంత నిలుచుటకు, దారి చూపుటకు పొరుగువాడు కావలెను గదా.

ద్విజుడనగా ఇచట విద్య కలిగి, ఆ విద్యను ఊరికి పంచువాడని మేము గ్రహించుచున్నాము. పిల్లలకు అక్షరము చెప్పు ఉపాధ్యాయుడు, ప్రాతఃకాలమున గుడి తలుపు తెరచు అర్చకుడు, మంచి చెడుగులు విడమరచి చెప్పు పెద్దమనిషి ఈ కోవకు చెందుదురు. బడి మూతపడిన ఊరు ఒక తరములో పలుచబడును.

నీటి సంగతి

ఇక ఏరు. ఈ లక్షణమును గూర్చి కొంత నిదానముగా విచారింపవలెను. ఏలయన నేడు ఎక్కువ మంది మోసపోవుచున్నది ఇచటనే.

కంటికి తేటగా నున్న నీరెల్ల మంచి నీరు కాదు. నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో బావి నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసి వంగిపోవు వ్యాధిని వైద్యులు 1937లోనే గుర్తించిరి. నల్లగొండ ప్రాంతమున మర్రిగూడ, మునుగోడు మొదలగు చోట్ల తరతరములు ఈ బాధ పడినవి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. అది రంగు చూచి తెలియునది కాదు, రుచి చూచి తెలియునది కాదు. కృష్ణా జలములు నల్లాల ద్వారా వచ్చిన పిమ్మట ఆ ప్రాంతమున క్రొత్తగా వ్యాధి సోకుట తగ్గినది. వంగిన ఎముకలు మాత్రము మరల నిటారు కాలేదు. కావున బోరు వేసిన పిమ్మట నీటిని పరీక్ష చేయించుట గృహప్రవేశ ముహూర్తము చూచుట వలెనే ఆవశ్యకము.

నీరు లేకుండుట ఒక దోషమైనచో, నీటి త్రోవలో ఇల్లు కట్టుట అంతకు మించిన దోషము. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరమున వేలాది ప్రాణములను హరించినది. ఆ పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో వరదను ఆపుటకు జలాశయములు తలపెట్టబడి, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. అయినను 2020 అక్టోబరులో ఆ నగరముననే చెరువుల క్రింద, నాలాల వెంట వెలసిన కాలనీలు మునిగినవి. 2024 సెప్టెంబరు తొలి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలగు ప్రాంతముల ప్రజలు రోజుల తరబడి నీటిలో చిక్కుకొనిరి. ఏరు తన దారిని మరువదు. శిఖం భూమిలో, అలుగు పారు వాగులో ప్లాటు చౌకగా వచ్చినదని సంతోషించువారు, ఆ ఊరి వృద్ధుని ఒకనిని అడిగినచో అచట నీరు ఎంతవరకు నిలిచెడిదో చెప్పును.

మన పూర్వులకు ఈ శాస్త్రము బాగుగా తెలియును. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువునకు 1369 నాటి సంస్కృత శాసనము కలదు. విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఈ చెరువును కట్టించెను. దినమునకు వేయి మంది కూలీలు, నూరు బండ్లు రెండు సంవత్సరములు పని చేసినట్లు అందు కలదు. మంచి చెరువునకు పండ్రెండు సాధనములు, ఆరు దోషములు ఆ శాసనము లెక్కించినది. గట్టి మన్ను, తీయని నీరు గల నది, కట్టకు ఆనుకొను కొండ, రాతి గని, లోతైన గర్భము ఆ సాధనములలోనివి. అయితే వాటిలో మొదటిది ధర్మమెరిగిన రాజు. రెండవది జలశాస్త్రమెరిగిన పండితుడు. చివరిది నేర్పరులైన పనివారు. అనగా మట్టి, రాయి, నీరు నడుమ నుండగా, వాటికి అటునిటు మనుష్యులే నిలిచిరి. దోషములలో ఒకటి మరింత ఆలోచింపదగినది. రెండు రాజ్యముల సరిహద్దున చెరువు ఉండరాదట. ఉన్నచో బాధ్యత ఎవ్వరిదియు కాకపోవునని మేము భావించుచున్నాము. మా పరిధి కాదని పంచాయతీ, మా పరిధి కాదని పురపాలక సంఘము తప్పుకొనగా మురుగు నిలిచిపోయిన కుంటను చూచినపుడు ఆ శాసనకర్త దూరదృష్టి అర్థమగును.

నేల పరీక్ష

వాస్తువును నమ్మువారు ఒక విషయము తెలిసికొనవలెను. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గృహనిర్మాణమును చెప్పుచు నేలను పరీక్షింపుమనెను. మూరెడు గొయ్యి త్రవ్వి, ఆ మన్నుతోనే పూడ్చవలెను. మన్ను మిగిలినచో ఉత్తమము, సరిపోయినచో మధ్యమము, చాలనిచో అధమము. గుల్ల నేల పునాదికి ఆగదని దీని అర్థము. నున్నగా, సమముగా ఉండి, ఓషధులు, చెట్లు పెరుగు నేల దారిన పోవు బాటసారికే అలసట తీర్చును, ఇక అచటనే నివసించువారికి చెప్పవలెనా అని కూడ ఆయన తలపోసెను. శాస్త్రము ఎంత లోకానుభవముతో కూడినదో చూచితిరా! దిక్కులను విడువుమని మేము చెప్పుట లేదు. నేలను, నీటిని, చెట్టును విడిచి దిక్కును మాత్రము పట్టుకొనుట శాస్త్రము కాదని చెప్పుచున్నాము.

కంటికి కనబడని లక్షణములు

చాణక్య నీతిలో మరియొక మాట కలదు. జీవనోపాధి, తప్పు చేయుటకు భయము, సిగ్గు, మర్యాద, త్యాగశీలము అను ఐదు లేనివారితో చెలిమి వలదని, అట్టి చోట ఉండవలదని దాని సారము. మొదటిది తప్ప తక్కినవన్నియు మనస్సునకు సంబంధించినవి. రోడ్డు, దీపము, నల్లా ప్రభుత్వము ఇయ్యగలదు. సిగ్గును, మర్యాదను ఎవరు ఇయ్యగలరు? అవి ఊరివారు ఒకరికొకరు ఇచ్చుకొనవలసినవి.

ఇచట ఒక సందేహము కలుగును. ఇన్ని లక్షణములున్న ఊరు లోకమున ఎచట నున్నది? లేని ఊరినెల్ల విడిచి పొమ్మందురా? పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లు, ఎచటి వారికి మరియొక చోటు మేలనిపించుచునే యుండును. పల్లెవారు పట్నమునకు, పట్నమువారు విదేశమునకు పోవుచుందురు. చివరకు వయసు మళ్ళిన పిమ్మట తన ఊరు తలపునకు వచ్చును. అప్పటికి ఊరు పొమ్మనుచుండును, కాడు రమ్మనుచుండును.

ఈ సందేహమునకు సమాధానము మహాభారతము విరాటపర్వమున దొరకును. అజ్ఞాతవాసముననున్న పాండవుల జాడ తెలియక దుర్యోధనుడు చారులను పంపి విసిగిపోయెను. అప్పుడు భీష్ముడు, ధర్మరాజు ఉన్న చోటును గుర్తుపట్టుటకు ఆనవాలు చెప్పెను. అచటి జనులు దాతలై, మృదుభాషులై, సత్యవంతులై, లజ్జ కలవారై, అసూయ లేనివారై యుందురనెను. అచట వానలు సకాలమున కురియుననియు, పైరులు పండుననియు, గోవులు పుష్టిగా నుండి సమృద్ధిగా పాలిచ్చుననియు చెప్పెను. ఈ మాటను లోతుగా ఆలోచింపుడు. ధర్మరాజు మంచి ఊరు వెదకి చేరెనని భీష్ముడు అనలేదు. ధర్మరాజు చేరిన ఊరు మంచిదగునని అనెను. పేరు దాచుకొని, పరుల కొలువులో నున్న ఒక్క సజ్జనుని వలన ఊరి నడవడి మారునట!

కావున ఊరి లక్షణములను రెండు సమయములలో చూడవలెను. చేరక ముందు అవి మనము అడుగవలసిన ప్రశ్నలు. చేరిన పిమ్మట అవే మనము చేయవలసిన పనులు. అప్పు ఇచ్చువాడు లేడా? నీకు కలిగినంతలో నీవే పొరుగువానిని ఆదుకొనుము. విద్య చెప్పువాడు లేడా? సెలవు దినమున గుడి మండపమున నలుగురు పిల్లలను కూర్చుండబెట్టుము. చెరువు పూడినదా? తూము చెడినదా? పదిమందిని కలుపుకొని అధికారులకు విన్నవించుము. శ్రమదానమునకు నీవు ముందు పార పట్టుము.

మన పెద్దలు సప్తసంతానములని చెప్పిరి. పుత్రుడు, నిధి, చెరువు, దేవాలయము, వనము, అగ్రహారము, కావ్యము. వీటిలో కడుపున పుట్టినది ఒక్కటే. తక్కిన వానిలో ఎక్కువ భాగము ఊరికి చెందినవి. కాకతీయుల కాలమున గుడి, చెరువు, ఊరు కలిసియే వెలసినవి. రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసిన రామప్ప దేవాలయము 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడినది. దాని చెంతనున్న చెరువు నేటికిని పొలములను తడుపుచున్నది. పరదేశము చేరిన మనవారును ఈ సంస్కారమును విడువలేదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో శ్రీ వేంకటేశ్వరునకు 1976లోనే కోవెల వెలసినది. క్రొత్త నేలను స్వంత ఊరుగా చేసికొనుటకు వారు ఎంచుకొనిన మార్గము అది.

అయితే స్వామికి గోపురము కట్టించినవారు తమ ఊరిలో ఒంటరిగా నున్న వృద్ధులను మరువరాదు. ఉద్యోగము కొరకు ఊరు విడుచుట తప్పు కాదు. ఉపనందుడే విడువుమనెను. తల్లిదండ్రులను తీసికొనిపోగలిగినవారు తీసికొనిపోవలెను. తీసికొనిపోలేనివారు ఆ వృద్ధులకు మందు తెచ్చి ఇచ్చు మనిషిని, పలుకరించు పొరుగును ఏర్పరచవలెను. ఊరిలోనే ఉన్నవారు, పిల్లలు దూరముననున్న పెద్దల వాకిలిని దినమునకు ఒకమారు తొంగి చూడవలెను. దీపము వెలిగినదో లేదో చూచుటకు రెండు నిమిషములు చాలును. ఆ రెండు నిమిషములు పెట్టువాడొకడున్న ఊరు నివాసయోగ్యము.

ఈ వ్యాసమును చదివిన వారు ఇంటికి పోయి, మన ఊరిలో ఏ లక్షణము తక్కువైనదో ఇంటిల్లిపాది కూర్చుండి ఆలోచింతురు గాక. అందు ఒక్కదానిని తమ వంతుగా స్వీకరింతురు గాక. సీతాసమేతుడైన శ్రీరామచంద్రుడు ప్రతి ఊరిని పంచవటిగా చేసి, ప్రతి ఇంట నివసించుగాక!

శుభం భూయాత్.